పలక దాటిన విల్లు

హౌరాలో మా కార్ఖానా తలుపు తీయగానే ఎదురు గోడకు ఒక నల్ల పలక కనిపించేది. పలకకు పైన ఇనుప కొక్కెం, పలక మీద తెల్లరంగుతో అంగుళాల గీతలు. తయారవుతున్న విల్లును కొక్కెం మీద అడ్డంగా ఆనించి, అల్లెతాడును మెల్లగా కిందికి లాగుతూ, పిడికి అటూ ఇటూ ఉన్న రెండు రెక్కల్లో ఏది ఎక్కువ వంగుతోందో, ఏది బిగుసుకుని ఉందో ఆ గీతల వెంట చూసుకునేవాళ్లం. బిగుసుకున్న చోట గాజుపెంకుతో గీకి, మళ్లీ లాగి, మళ్లీ గీకడం. పనంతా అదే. గీతలు ముప్ఫయ్యో అంగుళం దగ్గర ఆగిపోయేవి. దాని కింద పలక ఇంకా జానెడు ఉన్నా ఖాళీగానే వదిలేశారు. ఎందుకని కొత్తలో నేను అడిగితే మా పెద్ద మేస్త్రి, "ముప్ఫై తర్వాత మనుషులుండరమ్మా" అన్నాడు.

ఉంటారు. ఒకమ్మాయి వచ్చింది. ఆ సంగతే రాస్తున్నాను.

ఖిదిర్‌పూర్‌లోనో సంత్రాగాఛీలోనో పుట్టి, తెలుగు ఇంట్లో మాట్లాడుకోవడమే గానీ చదవడం అంతగా అలవాటులేని పిల్లలు మీలో చాలామంది ఉన్నారని నాకు తెలుసు. కూడబలుక్కుని చదవండి, లేదా అమ్మల చేత చదివించుకోండి. విల్లులు చేసే పని మీకు ఎలాగూ అక్కర్లేదు. కానీ మీలో ఒకరు బట్టలు కుడతారు, ఒకరు గోడలు కడతారు, ఒకరు ఆసుపత్రిలో జ్వరం చూస్తారు. మనిషిని కొలిచే పని ఏదో ఒకటి అందరికీ తగులుతుంది.

మా నాన్న ఓడరేవు డాకులో వడ్రంగి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినవాడు. ఏ చెక్కనైనా గోటితో గీరి, వేలిమెటికతో తట్టి పేరు చెప్పేవాడు, నాచేత చెప్పించేవాడు. ఆటసామాను కార్ఖానాలో నన్ను మొదట అల్లెతాళ్లు పేనడానికి తీసుకున్నారు. ఆరేళ్ల తర్వాత పలక ముందు నిలబడనిచ్చారు. పెద్ద మేస్త్రి బెంగాలీ ఆయన, చిన్నగా, బక్కగా ఉండేవాడు. మేమంతా జేఠామశాయ్, అంటే పెదనాన్నగారూ, అని పిలిచేవాళ్లం. ఆయన నన్ను మెచ్చుకోవడం నాకు గుర్తులేదు. నేను గీకిన విల్లును రెండోసారి చూడకుండా పక్కన పెడితే అదే మెచ్చుకోలు.

అమ్మాయి వచ్చింది 1988 దసరా సెలవుల తర్వాత. వాళ్ల నాన్న కార్పొరేషన్‌లో వీధులు ఊడ్చే పని చేసేవాడు. వాళ్లదీ మా వైపే. పందొమ్మిదేళ్ల పిల్ల. తలుపు దగ్గర వంగి లోపలికొచ్చి, వచ్చాక కూడా పూర్తిగా నిటారు కాలేదు. భుజాలు ముందుకు, మెడ కిందికి. మా పాలిష్ పనివాడొకడు చేతిలో గుడ్డ ఆపేసి, "బాబా రే, తాల్‌గాఛ్!" అన్నాడు. తాటిచెట్టు అని. ఆ పిల్ల నవ్వింది. ఎన్నో వందలసార్లు నవ్వేసిన నవ్వు అది.

నేను తెలుగులో అడిగాను. "ఏ ఊరే మీది, గుంటా?"

ఆ పిల్ల మొహం విప్పారింది. "టెక్కలి అవతల, పిన్నీ. నానెప్పుడూ సూళ్ళేదు."

"ఎంత పొడుగు నువ్వు?"

"అయిదూ పదకొండు."

నేను ఆమెను కిందినుంచి పైదాకా చూసి, అలాగే రాసుకున్నాను.

చెక్కతోనో వెదురుతోనో చేసిన విల్లుతో మాత్రమే ఆడే విభాగంలో రాష్ట్ర జట్టుకు ఎంపిక జనవరిలో ఉంది. ఆరుగురిని తీసుకుంటారు. ఆ జట్టులో ఆడితే రైల్వేలో ఆటగాళ్ల కోటా కింద ఉద్యోగం అడగొచ్చు. ఆడకపోతే, ఆ వేసవికి నాన్న పని దిగిపోతున్నాడు కాబట్టి ఆయన చోట ఆమె చేరాలి. "అదేటి తప్పు పని కాదు పిన్నీ" అంది. "మా నాన్న సేసినాడు కదా. కానీ నాకు బాణమెయ్యాలనుంది."

కొలతకు మాకో పద్ధతి ఉండేది. గీతలు గీసిన పొడవాటి బాణం ఇచ్చి, తేలికపాటి విల్లుతో మూడుసార్లు లాగించేవాళ్లం. మూడు కొలతలూ రాసుకుని మధ్యది తీసుకునేవాళ్లం. సాధారణంగా మూడూ మూడు రకాలుగా వస్తాయి. ఆ పిల్లకు మూడుసార్లూ ఇరవై ఏడే వచ్చింది. జేఠామశాయ్ తల ఊపాడు. "మనిషి పొడవు, లాగుడు పొట్టి. ఆరడుగుల చెక్క చాలు."

నాకూ సరే అనిపించింది. మూడూ ఒక్కలాగే వస్తే ఎవరికి అనుమానమొస్తుంది?

ధామన్ చెక్కతో ఆ విల్లు చేశాను. కావిడి బద్దలకు, బండి కర్రలకు వాడే చెక్క అది. వంచితే అలిగిపోదు, వదిలితే మళ్లీ తన దారికొస్తుంది. ఇరవై ఏడు దగ్గర రెండు రెక్కలూ అద్దంలో చూసుకున్నట్టు వంగాయి. జేఠామశాయ్ ఒక్కసారే చూసి పక్కన పెట్టాడు.

డిసెంబరు మొదట్లో ఒక ఆదివారం, విల్లు ఎలా ఉందో చూద్దామని వాళ్ల విలువిద్య క్లబ్బు మైదానానికి వెళ్లాను. బాణాలు యాభై మీటర్లు చేరేసరికి నీరసించి కిందికి దిగిపోతున్నాయి. వాళ్ల కోచ్ విసుగ్గా వెనకనుంచి వచ్చి, "శోజా హొయే దాఁడా!" అని అరిచాడు. నిటారుగా నిలబడమని. ఆ పిల్ల ఉలిక్కిపడి నిలబడింది. ఎడమ చెయ్యి చాచింది, భుజం వెనక్కి పోయింది. నేను ఆమె అసలు ఎత్తును చూడటం అదే మొదటిసారి. మరుక్షణం పెళ్లున విల్లు పిడికి పైన విరిగింది. ముక్క ఒకటి చెంపకు తగిలి గీరుకుపోయింది.

నేను పరుగెత్తాను. ఆ పిల్ల చెంప చూసుకోలేదు. రెండు ముక్కలనూ దగ్గర పెట్టి కలపబోతోంది. "పిన్నీ, నీ విల్లు ఇరగ్గొట్టేసినాను" అంది. "నాను మరిసిపోయి నిలబడిపోనాను."

నేను ముప్ఫై ఏళ్లకు పైగా రోజూ ఏదో ఒక సమయంలో ఈ మాట తలుచుకుంటాను. మరిచిపోయి నిలబడటం.

తర్వాత చెప్పింది. అంతకుముందు క్లబ్బువి రెండు విల్లులు ఇలాగే విరిగాయట. అప్పటినుంచి ఎడమ మోచెయ్యి కాస్త మడిచి, భుజాలు దగ్గరకు తీసుకుని, తెచ్చిచ్చిన విల్లు ఎంత ఓర్చుకుంటే అంతే లాగడం నేర్చుకుంది. మా కార్ఖానాలో కూడా కొలత బాణం చేతికివ్వగానే అలాగే లాగింది. మూడుసార్లూ ఒక్కలాగే ఎందుకొచ్చాయో అప్పుడర్థమైంది. చేతులు ఎలా పెడితే అలా పోతాయి, ఓసారి ఎక్కువ, ఓసారి తక్కువ. జాగ్రత్త మాత్రం ప్రతిసారీ ఒక్కచోటే ఆగుతుంది. మేము కొలిచింది ఆ జాగ్రత్తను.

ఆ సాయంత్రం ఆమెతో కలిసి వాళ్లింటికి వెళ్లాను. కార్పొరేషన్ పనివాళ్ల ఇళ్ల లైన్లలో ఒకే గది. గుమ్మం తక్కువ ఎత్తు. లోపల గదికి అడ్డంగా, వంటమూల మీదుగా ఒక దండెం కర్ర వేలాడుతోంది, దాని మీద చీరలు. ఇంట్లో అందరూ దాని కిందినుంచి నేరుగా నడుస్తున్నారు. ఈ పిల్ల మాత్రం గుమ్మం దగ్గర ఒకసారి, దండెం దగ్గర ఒకసారి, కళ్లెత్తి చూడకుండానే వంగింది.

"నిలబెట్టి కొలిస్తే లాభం లేదు. చాప వెయ్యి" అన్నాను.

వాళ్లమ్మ పొయ్యి దగ్గరనుంచి, "చాపెందుకు, సెల్లీ?" అంది.

"దీన్ని పడుకోబెట్టి కొలుస్తాను, అప్పా. పడుకున్న మనిషి వంగలేదు."

చాప మీద వెల్లకిలా పడుకోబెట్టాను. పాదాలు చాప దాటి గచ్చు మీదికి పోయాయి. రెండు చేతులూ చాపించాను. ఒక చెయ్యి గోడకు తగిలితే మనిషిని ఏటవాలుగా జరిపాను. ఎత్తు ఆరడుగుల మూడంగుళాలు. చేతుల చాపు దానికంటే ఇంకా రెండంగుళాలు ఎక్కువ. లాగుడు లెక్క వేస్తే ముప్ఫై రెండు తేలింది.

"అయిదూ పదకొండు అన్నావు" అన్నాను.

"అది బయటోళ్లకి సెప్పే లెక్క, పిన్నీ."

వాళ్లమ్మ పడీపడీ నవ్వింది. "పుట్టినప్పుడే ఇంతే, సెల్లీ. ఉయ్యాల్లో ఏస్తే కాళ్లు బైటికొచ్చీసేవి. ఈ కర్రకే కట్టినాం ఉయ్యాల. దీన్నీ, దీని తమ్ముళ్లిద్దర్నీ ఊపినాది."

నేను తల పైకెత్తి చూశాను. ముగ్గురు పిల్లలను మోసి, ఇన్నేళ్లు తడి చీరలు మోసి, ఆ కర్ర నడుమ పిసరంతైనా కిందికి దిగలేదు. స్టూలెక్కి చీరలు పక్కకు జరిపాను. పొగకు నల్లబడి ఉంది. గోటితో గీరాను. మెటికతో తట్టాను. మా నాన్న పక్కనుంటే నా నోటితోనే చెప్పించేవాడు, ధామన్ అని.

"అప్పా, ఈ కర్ర ఎక్కడిది?"

"మా మావగారిది. తెప్పకి తెడ్డు కర్ర. ఊరునించి వచ్చీటప్పుడు అన్నీ ఒగ్గీసి, ఇదొక్కటీ రైలు కిటికీ కమ్ములకి కట్టి తెచ్చినాడంట. ఈ ఊర్లో తెప్పేటి, తెడ్డేటి అని అత్తగారు రోజూ దెప్పీది."

అమ్మాయి చాప మీదనుంచి లేవకుండా కర్రకేసి చూస్తోంది. "దీన్ని కిందనించి ఎప్పుడూ సూళ్ళేదు" అంది. "ఎప్పుడూ నెత్తికే తగిలీది."

అంత పొడవైన ఎండిన ధామన్ చెక్క ఆ నెలలో కలకత్తా మొత్తం తిరిగినా దొరకదు. పచ్చిది దొరుకుతుంది, దానికి ఏడాది ఆరాలి. మాకున్నది నెల. ఇదంతా వాళ్లమ్మకు చెప్పాను గానీ, ఈ కర్ర ఇమ్మని అడగకుండా దాన్ని పట్టుకునే స్టూలు మీద ఉండిపోయాను. ఆవిడే అడిగింది.

"అడిగితే నేదంటానని ఊరుకున్నావేటి?"

"నీ మామగారి జ్ఞాపకం కదా, అప్పా."

"ఆయన జ్ఞాపకం ఇదిగో పడుకున్నాది, ఆయనా ఇంతే పొడుగు" అని కూతుర్ని చూపించింది. తర్వాత కాసేపు పొయ్యిలో మంట సరిచేసింది. "తీసుకెల్లు. కానీ నా సీరలెక్కడ ఆరీసుకోవాల?"

ఆ పిల్ల నాన్న ప్లాస్టిక్ తాడు కడతానన్నాడు.

మరునాడు కర్రను కార్ఖానాకు తీసుకెళితే జేఠామశాయ్ మొహం చిట్లించాడు. పొగకు ఎండిన చెక్క పెళుసుగా ఉంటుందన్నాడు. పైగా నడిమధ్యలో మేకు దిగిన బెజ్జం. "ఇంకోటి విరిగితే ఆ పిల్ల మళ్లీ నిలబడదమ్మా, జన్మలో. ఆలోచించుకో" అన్నాడు. ఆ మాట నన్ను రెండు రోజులు పని మొదలుపెట్టనివ్వలేదు. మూడోరోజు ఆయనే కర్రను ఎత్తి, కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసి, "బెజ్జం పిడిలోకి వచ్చేటట్టు కొయ్యి. పిడి వంగదు, బెజ్జం ఏమీ చెయ్యదు" అన్నాడు. అలా కోస్తే విల్లు ఆరడుగుల ఎనిమిదంగుళాలు వచ్చింది. రెండు చివర్లా కర్ర ఇంకా కాస్త మిగిలింది.

తొందరపడకుండా గీకుతూ వచ్చాను. ఇరవై, ఇరవై నాలుగు, ఇరవై ఎనిమిది. ఒక్కో అంగుళం దగ్గర ఆపి, చెక్కకు ఆ వంపు అలవాటయ్యేదాకా చిన్నగా లాగి వదులుతూ ఉండాలి. ముప్ఫైకి వచ్చేసరికి ఆ వారంలో బంద్ పడింది. ఆనాటి బంద్‌లు మీకు తెలియవు. ట్రాములుండవు, రేవులో ఫెర్రీలుండవు, వంతెన మీద కుర్రాళ్లు క్రికెట్ ఆడేవాళ్లు. జేఠామశాయ్ యూనియన్ మనిషి. ఏ బంద్‌కూ కార్ఖానా తాళం తీయనివ్వలేదు. ఆ రోజు నేను నడిచి వచ్చాను, మెట్ల మీద కూర్చుని కనీసం విల్లును కిటికీలోంచైనా చూసుకుందామని. వచ్చేసరికి తలుపు లోపల గడియ వేసి ఉంది. కొడితే జేఠామశాయ్ కాస్త తెరిచి, నన్ను లోపలికి లాగి, మళ్లీ గడియ పెట్టాడు. నది దాటి నడుచుకుంటూ వచ్చాడట, ఆ వయసులో.

"ఇవాళ బంద్ కదా, జేఠామశాయ్!"

"రంపం పట్టుకుంటే బయటికి వినిపిస్తుంది. గాజుపెంకు వినిపించదు" అన్నాడు. "నువ్వు పై రెక్క చూడు. నేను కింది రెక్క."

మధ్యాహ్నం దాకా మేమిద్దరం గీకుతూ, లాగుతూ ఉన్నాం. అల్లెతాడు ముప్ఫై గీత దాటింది. ఇక పలక మీద చూసుకోవడానికి ఏమీ లేదు. నేను సుద్దముక్క కోసం వెతుకుతుంటే ఆయన తెల్లరంగు డబ్బా మూత తీశాడు. కళ్లద్దాలు తుడుచుకుని, గీత వంకర పోకుండా మణికట్టును ఇంకో చేత్తో పట్టుకుని, ముప్ఫై ఒకటి, ముప్ఫై రెండు గీశాడు. కాస్త ఆగి ముప్ఫై మూడు కూడా గీశాడు.

"ముప్ఫై మూడెందుకు?" అన్నాను.

"దానికి తమ్ముళ్లున్నారన్నావుగా" అన్నాడు.

ఎంపిక జనవరిలో ఒక ఆదివారం. పొగమంచు తేలిపోయాక మొదలుపెట్టారు. మేమిద్దరం తాడు కట్టిన చోటికి ఇవతల, చూసేవాళ్లతో నిలబడ్డాం. ఆడేవాళ్లతో బయటివాళ్లు మాట్లాడకూడదు, సైగ చెయ్యకూడదు. పదిహేనురోజులు ఆ విల్లుతో మా కార్ఖానా వెనక ఖాళీ స్థలంలో అభ్యాసం చేసింది. అక్కడ మేము తప్ప ఎవరూ లేరు, బాగానే నిలబడేది. ఇక్కడ జనం. వరసలో నిలబడగానే వెనకనుంచి ఎవరో, "అరే, దీపస్తంభానికి విల్లిచ్చారు!" అన్నారు. నలుగురు నవ్వారు. నా కళ్ల ముందే ఆ పిల్ల భుజాలు ముందుకొచ్చాయి. మోచెయ్యి మడత పడింది. అంత పొడుగు విల్లును సగం లాగి వదిలితే బాణానికి బలమెక్కడిది? మొదటి విడత బాణాలు గురిబోర్డు అడుగున గుచ్చుకున్నాయి. ఒకటి గడ్డిలోకి పోయింది.

బాణాలు ఏరుకుని తల దించుకుని తిరిగొస్తోంది. జేఠామశాయ్ కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాడు. ఇక చూడదలుచుకోలేదన్నమాట.

నేను అప్పుడు చేసిన పని ఆలోచించి చేసింది కాదు. చెప్పులు విడిచి, కొంగు దోపుకుని, గడ్డి మీద వెల్లకిలా పడుకున్నాను. రెండు చేతులూ బారచాపాను.

జేఠామశాయ్ కంగారుగా వంగాడు. "ఏమైందమ్మా? గుండెనొప్పా?"

"ఏమీ కాలేదు. మీరు పక్కకు జరగండి, దానికి కనపడాలి."

ఈలోగా జనం మూగారు. శనక్కాయలమ్మేవాడు నీళ్లచెంబుతో పరుగెత్తుకొచ్చాడు. ఒకావిడ విసనకర్రలాగా పేపరుతో విసరడం మొదలుపెట్టింది. "లేపండి, లేపండి" అని ఎవరో నా చెయ్యి పట్టుకుంటే, "వదలండి బాబూ, చెయ్యి చాపే ఉండాలి" అన్నాను. పిచ్చిదనుకున్నారు. జేఠామశాయ్‌కు అప్పటికి సంగతి అర్థమై, రెండు చేతులతో జనాన్ని అటూ ఇటూ తోస్తున్నాడు. ఆ సందులోంచి చూశాను. ఆ పిల్ల నన్ను చూసింది. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు కదిలాయి, నవ్వుకి. ఆ నవ్వు పాలిష్ పనివాడికి ఇచ్చిన నవ్వు కాదు.

తర్వాత జనం మళ్లీ సందు మూసేశారు. అందువల్ల ఆ బాణం నేను చూడలేదు. నా పనిజీవితం మొత్తంలో చూడదగిన బాణం అదొక్కటే. అప్పుడు నాకు కనపడింది ఆకాశం, శనక్కాయలవాడి గడ్డం. అల్లెతాడు శబ్దం మాత్రం విన్నాను. నిండుగా లాగి వదిలిన తాడు శబ్దం ఎలా ఉంటుందో పది విల్లులు చేసినవాళ్లెవరికైనా తెలుస్తుంది. చెక్క మూలగలేదు. ఒక్క క్షణానికి అవతల గురిబోర్డులో దబ్బుమని.

జేఠామశాయ్ కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు.

"ఎక్కడ తగిలింది?" అని కిందినుంచే అడిగాను.

"లేచి చూసుకో" అన్నాడు. మళ్లీ తనే, "ఇది విరగదమ్మా" అన్నాడు. రెండోసారి చూడకుండానే.

మొదటి విడత పోగొట్టుకున్నది చిన్నదేమీ కాదు. ఆ రోజంతా ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చింది. సాయంత్రం పేర్లు చదివారు. అయిదు పేర్లు అయ్యాయి. ఆరో పేరు చదవబోతూ ఎంపిక అధికారి కాగితం కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. తెలుగు ఇంటిపేరు నోరు తిరగలేదు. తప్పుగానే చదివాడు. మాకు చాలు.

ఇదంతా అప్పుడే వాళ్లమ్మకు చెప్పాలని ముగ్గురం వాళ్లింటికి వెళ్లాం. జేఠామశాయ్ ఆ లైన్లలోకి రావడం అదే మొదలు. అమ్మాయి ముందు నడుస్తోంది, విల్లు చేతిలో పట్టుకుని. గుమ్మం దగ్గర అలవాటు ప్రకారం వంగింది. గుమ్మం గోడది, దాన్నెవరూ ఏమీ చెయ్యలేరు. లోపలికెళ్లాక మాత్రం నిటారైంది. దండెం ఉండేచోట వంగడం మరిచిపోయింది. నాన్న కట్టిన ప్లాస్టిక్ తాడు తడి చీరల బరువుకు జారి కిందికి వేలాడుతోంది. అంతవరకూ దండెం కింద నేరుగా నడిచిన ఇంట్లోవాళ్లంతా ఆ నెలరోజులుగా వంగి నడుస్తున్నారు. ఈ పిల్ల వంగకుండా వెళ్లి, తడి చీరలో మొహం పెట్టుకుంది. వెనక్కి తగ్గలేదు. చేత్తో చీరను తెరలాగా పక్కకు తీసి అవతలికి నడిచిపోయింది.

వాళ్లమ్మ పొయ్యి దగ్గరనుంచి తల తిప్పింది. కూతురి చేతిలో విల్లు కాదు, మొహంలో సంతోషం కాదు, ఆవిడకు ముందు కనపడింది చీర.

"ఒలే గుంటా, వొంగి రాలేవేటి? ఇప్పుడే ఉతికినాను!"

"వొంగను, అమ్మా" అంది ఆ పిల్ల. "తాడు పైకి కట్టు."